చేతిలో ఉన్నదెంత, లేనిదెంత

వ్యక్తిత్వ వికాసం పేరుతో ఇప్పుడు ఎక్కువగా చదువుతున్నవి అలవాట్ల గురించిన పుస్తకాలు. 2018లో జేమ్స్ క్లియర్ రాసిన 'అటామిక్ హ్యాబిట్స్' తెలుగులోనూ దొరుకుతోంది. రోజుకు ఒక శాతం మెరుగుపడితే ఏడాది తిరిగేసరికి 37 రెట్లు అవుతామని అందులో లెక్క. లెక్క తప్పు కాదు. కాకపోతే పడ్డ కష్టం రోజూ అంతో ఇంతో నిలిచే చోట పనికొచ్చే లెక్క అది. కానీ రాయలసీమలోని అనంతపురంలో ఏడాదికి సగటున కురిసేదే 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. నైరుతి మేఘాలకు పడమటి కనుమలు అడ్డం, ఈశాన్య వానలకు సముద్రం దూరం. జూన్, జూలైల్లో విత్తిన శనక్కాయకు ఊడలు దిగే వేళ వాన మొహం చాటేస్తే, అంతదాకా రైతు ఎంత క్రమశిక్షణగా ఉన్నా మిగిలేవి తాలు కాయలే. అలాంటి ఇంటి పిల్లవాడు 'నీ ఓటమికి నువ్వే కారణం' అనే పుస్తకాలే చదువుతూ పోతే ముందు తండ్రిని చేతకానివాడనుకుంటాడు, తర్వాత తనను తాను. మన చేతిలో ఉన్నదేదో, లేనిదేదో విడదీసి చూడగలగడమే వ్యక్తిత్వానికి పునాది. అది సలహాల పుస్తకాలకంటే ఈ నేల సాహిత్యమే బాగా నేర్పుతుందని నా వాదన.

2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన బండి నారాయణస్వామి నవల 'శప్తభూమి' చూడండి. పద్దెనిమిదో శతాబ్దపు రాయలసీమ కథ అది. అందులో కరువు ఒంటరిగా రాదు, అధికారాన్నీ కులాన్నీ వెంటబెట్టుకుని వస్తుంది. వాన రాకపోవడం ఎవరి తప్పూ కాదు, ఉన్న గింజ ఎవరి గాదెకు చేరిందన్నది మాత్రం మనుషులు చేసిన ఏర్పాటు. ఈ తేడా పట్టుబడ్డ పాఠకుడు ఊరికే తలరాతనూ తిట్టడు, ఊరికే తననూ తిట్టుకోడు.

ఇలాంటివి చదివితే నిరాశే మిగులుతుందని కొందరంటారు. కానీ ఈ నేలే చెప్పే జవాబు వేరు. పెన్నా తీరపు పేదరికాన్ని 'పెన్నేటి పాట'గా రాసిన కవి విద్వాన్ విశ్వంది అనంతపురం జిల్లా తరిమెల. కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డిదీ అదే ఊరు. ప్రభుత్వం పెట్టిన హైదరాబాద్ కుట్ర కేసులో ముద్దాయిగా నాగిరెడ్డి కోర్టుకిచ్చిన వాంగ్మూలమే తర్వాత 'తాకట్టులో భారతదేశం' పుస్తకమైంది. దేశ ఆర్థిక వ్యవస్థ మీద అంకెలతో సహా చేసిన వాదన అది. ఆయన రాజకీయాలతో ఏకీభవించనక్కర్లేదు. కానీ తనవాళ్ల కష్టానికి కారణం వెదుకుతూ చదివినవాడు చతికిలపడలేదన్నది కాదనలేం.

పోటీ పరీక్షలకు కూర్చున్నవాళ్లకు నవలలు చదివే తీరికెక్కడిదన్న ప్రశ్నా ఉంది. వారానికో అధ్యాయం చాలు. ఏడాదికి యాభై పుస్తకాలని పందెం కట్టి పేజీలు తిప్పేయడం కంటే అదే మేలు. అలవాట్ల పుస్తకాలను మానమనీ అనడం లేదు, వేళకు లేవడం అవి నేర్పితే నేర్చుకోవాల్సిందే. ఈసారి గ్రంథాలయానికి వెళ్లినప్పుడు వాటితోపాటు ఒక సీమ నవల కూడా తెచ్చుకోండి. ఇంట్లో పెద్దవాళ్లకు ఓ పది పేజీలు చదివి వినిపించండి. రచయిత ఎక్కడ సరిగా రాశాడో, ఎక్కడ తప్పాడో వాళ్లే చెబుతారు.