పాత ఫోర్ వీల్ జీపు బాగుచేయించడం: ముందు ఆగాలి, తర్వాతే లాగాలి



వీడియోలో జీపు విప్పిన దగ్గర్నుంచి మళ్లీ రోడ్డెక్కేదాకా పనులన్నీ కనిపిస్తాయి. ఏ పని ముందు, ఏది వెనక, ఎందుకు అన్నది మాత్రం నింపాదిగా చదువుకుంటేనే బాగా ఎక్కుతుంది. అందుకే ఈ పాఠం.

మన డెల్టా రేగడి సంగతి మీకు చెప్పక్కర్లేదు. నాలుగు చినుకులు పడితే ఆటో పుంతదారిలోకి దిగదు. ట్రాక్టరు దిగుతుంది గానీ, నాలుగు క్రేట్ల కూరగాయలు రైతు బజారుకి తీసుకెళ్లడానికి ట్రాక్టరు కట్టుకుని పోలేం. కొత్త ఫోర్ వీల్ బండి ధర వింటే గుండె ఆగుతుంది. అందుకని మనలో చాలామంది చూపు పాత మహీంద్రా జీపుల మీద పడుతోంది. నా దగ్గర ఉన్నది కూడా పాత ఎమ్‌ఎమ్ 540. ప్యూజో డీజిల్ ఇంజన్, 2112 సీసీ.

ఈ జీపు వంశం రైతుకు కొత్తేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యానికి జీపులు చేసిన విల్లీస్ కంపెనీ, 1945లో సీజే-2ఏ అనే మోడల్ తెచ్చి ముఖ్యంగా రైతులకే అమ్మజూపింది. నాగలి లాగడానికి డ్రాబార్, యంత్రాలు తిప్పడానికి పీటీఓ కూడా దానికి బిగించుకునే వీలుండేది. మన దేశంలో 1940ల చివర్లో మహీంద్రా వాళ్లు బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు. నిచ్చెన లాంటి ఛాసిస్, కమాన్ కట్టలు, రెండు హౌసింగులు, మధ్యలో ట్రాన్స్‌ఫర్ కేసు. అంతా రెంచీలతో విప్పి బిగించుకునే సరంజామా. కంప్యూటర్ పెట్టి చూడాల్సిన భాగం ఒక్కటీ లేదు. అందుకే ఇన్నేళ్ల తర్వాత కూడా బాగవుతోంది.

కొనేముందు చూసుకోవాల్సినవి

మొదటిది, అది నిజంగా ఫోర్ వీలేనా? జీపులా కనిపించేదల్లా ఫోర్ వీల్ కాదు. కమాండర్, మేజర్ లాంటి వాటిలో వెనక చక్రాలు మాత్రమే లాగేవి బోలెడు ఉన్నాయి. కింద పడుకుని చూడండి. ముందు ఇరుసుకి కూడా గుండ్రటి డిఫరెన్షియల్ బుర్ర, దానికి ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు ఉండాలి.

రెండోది కాగితాలు. ఆర్‌సీలో ఉన్న ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద ఉన్న నంబర్లతో అక్షరం అక్షరం సరిపోవాలి. సొంత వాడకపు బండికి 15 ఏళ్లు దాటితే, తనిఖీ చేయించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. ఆ తర్వాత ఐదేళ్లకోసారి అదే పని. గడువు తీరిపోయిన బండిని చవగ్గా వస్తోందని కొంటే, ఆ బాకీ మన మెడకు చుట్టుకుంటుంది.

మూడోది ఛాసిస్. చిన్న సుత్తి తీసుకుని పొడవునా కొడుతూ పోండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది డబ్‌మంటుంది. కమాన్ కట్టల బ్రాకెట్ల దగ్గర, స్టీరింగ్ బాక్సు బిగించిన చోట పగుళ్లు వెతకండి. రంగు కొత్తగా ఉండి కింద ఛాసిస్ కుళ్లిన బండి యూరియా చల్లిన పైరు లాంటిది. పచ్చదనం చూసి మోసపోకూడదని మనకు వేరే చెప్పాలా?

డబ్బు విషయంలో నా లెక్క ఒకటే. బండి ఎంతకు కొంటామో, సుమారు అంత మొత్తం మరమ్మతుకి పక్కన పెట్టుకుని దిగాలి. అది లేకపోతే సగంలో ఆగిన జీపు పాకలో కోళ్లకు గూడవుతుంది.

ఆటోనగర్‌లో పని ఎలా నడుస్తుంది

బెజవాడ బెంజి సర్కిల్ దాటి బందరు రోడ్డు మీద పోతే జవహర్ ఆటోనగర్. లారీ బాడీలు కట్టడంలో పేరున్న చోటు. ఇక్కడ ఒక్క షెడ్డులో అన్నీ చేస్తారనుకోవద్దు. గేర్‌బాక్సు మేస్త్రి వేరు, కమాన్ కట్టల వాళ్లు వేరు, డీజిల్ పంపు, నాజిల్లు చూసేవాళ్లు వేరు, రేడియేటర్ వాళ్లు వేరు, లేతు వేరు, టింకరింగ్ వేరు. అందుకని బండి మొత్తం ఒకరికి అప్పగించి వచ్చేయకుండా, ఏ భాగాన్ని ఆ పని తెలిసిన మేస్త్రి దగ్గరికి మనమే తీసుకెళ్లడం మేలు.

మూడు అలవాట్లు పెట్టుకోండి. విప్పేముందు ప్రతి భాగాన్నీ ఫోనుతో ఫొటో తీయండి. బోల్టులు ఏ చోటివి ఆ డబ్బాలో వేసి పేరు రాయండి. మార్చిన పాత భాగాన్ని తప్పకుండా తిరిగి అడగండి. అది చేతిలో ఉంటే ఏం అరిగిందో, ఎందుకు అరిగిందో మనకే తెలుస్తుంది.

నా జీపు షెడ్డులో ఉన్నప్పుడు "మేస్త్రి గారూ, ఇంజన్ పని ఎప్పుడు మొదలుపెడదాం?" అని అడిగాను. ఆయన వీల్ సిలిండర్ తుడుస్తూ, "ఇది ఆగడం నేర్చుకున్నాక మొదలుపెడదాం బాబూ. ఆగని బండికి బలం ఎందుకు?" అన్నారు. ఈ పాఠంలో వరసంతా ఆ మాట మీదే నడుస్తుంది.

మొదటి వంతు: బ్రేకులు, స్టీరింగు, ఛాసిస్

మన దారులు కాలువ గట్ల మీద. ఒకపక్క నీళ్లు, ఇంకోపక్క పొలం, ఎదురుగా గడ్డిమోపుతో సైకిలు. ఇక్కడ బ్రేకు అందకపోతే రెండో అవకాశం ఉండదు.

పాత జీపులు కొన్నిటిలో మాస్టర్ సిలిండర్ ఒకే గదిది. ఎక్కడో ఒక పైపు పగిలితే నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి. రెండు గదుల టాండెమ్ మాస్టర్ సిలిండర్ పెడితే, ఒక వైపు పోయినా రెండో వైపు పనిచేస్తుంది. నన్నడిగితే మొట్టమొదటి అప్‌గ్రేడ్ ఇదే. పెడల్ తేలిక కావాలంటే బూస్టర్ పెడతారు. డీజిల్ ఇంజన్‌లో బూస్టర్‌కి సరిపడా వాక్యూమ్ దానంతటది పుట్టదు. వాక్యూమ్ పంపు ఉన్న ఆల్టర్నేటర్ కూడా ఉండాలి. అది లేకుండా బూస్టర్ ఒక్కటే బిగించడం దండగ.

బ్రేక్ ఆయిల్ డబ్బాలో డాట్ 3 లేదా డాట్ 4 తప్ప ఇంకేమీ పోయకూడదు. ఇంజన్ ఆయిల్ పడితే లోపలి రబ్బరు వాషర్లు ఉబ్బి పాడవుతాయి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్లకోసారి మొత్తం మార్చండి. నీళ్లలోంచి దాటిన తర్వాత డ్రమ్ బ్రేకులు తడిసి జారతాయి. నెమ్మదిగా పోతూ పెడల్ కొద్దికొద్దిగా తొక్కితే వేడికి ఆరతాయి. ఇది ఇంట్లో నడిపే వాళ్లందరికీ చెప్పండి.

స్టీరింగ్‌లో ఆట ఎక్కువుంటే వెంటనే బాక్సు మీద పడొద్దు. ముందు టై రాడ్ ఎండ్లు, కింగ్ పిన్ బేరింగులు, వీల్ బేరింగులు చూడండి. చక్రాన్ని జాకీతో లేపి పైనా కిందా పట్టి ఊపితే తెలిసిపోతుంది. ఛాసిస్‌లో పగులుంటే, దాని చివర చిన్న రంధ్రం వేసి, పగులు అక్కడితో ఆగేలా చేసి, తర్వాత వెల్డింగ్ పెట్టి పట్టీ వేయించాలి. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ వైర్లు పీకేయండి, లేకపోతే ఆల్టర్నేటర్ కాలుతుంది.

రెండో వంతు: లాగే భాగాలు

హౌసింగుల్లో, గేర్‌బాక్సులో ఆయిల్ తీసి చూడండి. మజ్జిగలా తెల్లగా ఉంటే నీళ్లు చేరినట్టే. ఎలా చేరతాయి? బండి నడిచి హౌసింగ్ వేడెక్కుతుంది. అలాగే చల్లటి నీళ్లలోకి దిగితే లోపలి గాలి కుంచించుకుని, సీళ్ల దగ్గర్నుంచి, బ్రీదర్ రంధ్రం నుంచి నీటిని లోపలికి లాగుతుంది. దీనికి విరుగుడు చాలా చవక. బ్రీదర్‌కి రబ్బరు గొట్టం తొడిగి, పైకి, ఇంజన్ గదిలోకి తెచ్చి కట్టడమే. డెల్టాలో తిరిగే ప్రతి ఫోర్ వీల్ బండికీ ఇది కావాలి.

ముందు, వెనక హౌసింగుల నిష్పత్తి ఒకటే ఉండాలి. పాత బండికి ఎప్పుడో వేరే బండి హౌసింగ్ మార్చి ఉండొచ్చు. పరీక్ష ఇలా చేయండి. మిగతా చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. గేరు, ట్రాన్స్‌ఫర్ కేసు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వదలండి. ముందు హబ్‌లు లాక్ చేసేవైతే రెండూ లాక్ చేయండి. ఒక చక్రాన్ని జాకీతో లేపి సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. ప్రొపెల్లర్ షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో అదే ఆ హౌసింగ్ నిష్పత్తి. ముందుకీ వెనక్కీ లెక్క తేడా వస్తే, ఫోర్ వీల్ వేసిన ప్రతిసారీ గేర్లు ఒకదాన్నొకటి నలుపుకుంటాయి. నాలుగు టైర్లూ ఒకే సైజు ఉండాలనేది కూడా ఇందుకే.

ఇదే కారణంతో తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేయకూడదు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరుగుతాయి, వెనకవి తక్కువ. ఈ రెండింటి మధ్య తేడాను సర్దే డిఫరెన్షియల్ ఈ జీపుల్లో లేదు. బురదలో చక్రం జారి సర్దుకుంటుంది, తారు మీద జారలేక క్రాసులు, గేర్లు విరుగుతాయి.

మూడో వంతు: ఇంజను, బలం

"పెద్ద ఇంజన్ వేయించనా?" అనే ఆలోచన అందరికీ వస్తుంది. దానికి ముందు లో గేరు లెక్క చూడండి. పాత విల్లీస్ నమూనా ట్రాన్స్‌ఫర్ కేసులో లో నిష్పత్తి 2.46. అంటే లో గేరు వేస్తే, అరుగుదలలో పోయేది పక్కన పెడితే, చక్రానికి అందే లాగుడు దాదాపు రెండున్నర రెట్లు అవుతుంది, వేగం అంతే తగ్గుతుంది. చేలోంచి బరువుతో గట్టెక్కడానికి మనకు కావాల్సింది లాగుడే, వేగం కాదు. ఆ బలం బండిలో ముందే ఉంది, డబ్బు పెట్టక్కర్లేదు. గట్టు దిగేటప్పుడు కూడా లో గేరులో ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది.

పెద్ద ఇంజన్ వేస్తే క్లచ్చి, గేర్‌బాక్సు, క్రౌన్ పినియన్ అన్నిటి మీదా భారం పడుతుంది. ఒకటి మార్చి నాలుగు మార్చాల్సి వస్తుంది. పెద్ద టైర్లదీ ఇదే కథ. లాగుడు తగ్గుతుంది, బ్రేకు దూరం పెరుగుతుంది.

చట్టం కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. ఇంజన్ మార్చాలంటే రవాణా శాఖ అనుమతి ముందే తీసుకోండి. బ్రేకుల్లాంటి మార్పులకు కూడా అదే కంపెనీ తర్వాతి మోడళ్ల సామాను వాడి, మనం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అని పిలిచే ఎంవీఐని ముందే అడగండి.

ఉన్న ఇంజన్‌కి నాజిల్లు, పంపు సరిచేయించి, రేడియేటర్ శుభ్రం చేయించండి. వేడెక్కుతోందని థర్మోస్టాట్ పీకేయమనే వాళ్లుంటారు. పీకొద్దు. ఇంజన్ తగినంత వేడెక్కకపోతే డీజిల్ సరిగ్గా కాలదు, అరుగుదల పెరుగుతుంది.

చివరి వంతు: బాడీ, మన సరుకు

గోమూత్రం, జీవామృతం నేలకు అమృతమే గానీ ఇనుముకు కాదు. ఒలికిన చోట ఉప్పు నిలిచి తుప్పు పడుతుంది. వెనక తొట్టిలో నీరు పోయే రంధ్రాలు మూసుకోకుండా చూడండి. రబ్బరు మ్యాటు కింద తడి నిలవకుండా వారానికోసారి ఎత్తి కడగండి. రంగు కంటే ముందు తుప్పు గీకించి ప్రైమర్ వేయించండి.

200 లీటర్ల జీవామృతం డ్రమ్ము అంటే 200 కిలోల పైమాటే. సగం నిండిన డ్రమ్ము ఇంకా ప్రమాదం. మలుపులో ద్రవమంతా ఒక పక్కకు వచ్చి బండిని తోసేస్తుంది. దాని బదులు మూత బిగిసే చిన్న క్యాన్లలో నిండా పోసి, వెనక ఇరుసుకి ముందు వైపు పెట్టి, తాడుతో కట్టండి.

మొత్తం వరస ఇది: ఛాసిస్, బ్రేకులు, స్టీరింగు. తర్వాత హౌసింగులు, గేర్‌బాక్సు. తర్వాత ఇంజన్. చివర బాడీ, రంగు. చేతిలో డబ్బు ఎక్కడ అయిపోయినా, అప్పటిదాకా చేసిన పని వృథా కాదు. రంగు లేని జీపు కూడా సరుకు మోస్తుంది, ఇంటికి తిరిగొస్తుంది. వరస తిరగేస్తే మాత్రం మెరిసే బండి ఉంటుంది, కాలువ గట్టు మీద పిల్లల్ని ఎక్కించడానికి ధైర్యం ఉండదు.

ఈ వరస కాగితం మీద రాసుకుని, ఆటోనగర్ వెళ్లేటప్పుడు జేబులో పెట్టుకోండి. మేస్త్రితో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది. ఉంటాను, జై కిసాన్.