అమ్మణ్ణికి పెద్దమ్మ జాబు

గుర్రంకొండ

  మీ పెదనాయన టమోటాలేసుకుని మదనపల్లె మండీకి పోయినారు. ఆ సందులో ఈ జాబు.

నీ జాబు చదివినప్పటినుంచీ నా మనసు మనసులో లేదు. కాలిన పిల్లోడికి కట్టు మార్చడానికి నలుగురు పట్టుకోవాల్సొచ్చిందనీ, "చిన్నబిడ్డ, తెల్లారితే మర్చిపోతాడులే" అని పెద్ద సిస్టర్ అనిందనీ, ఆ రాత్రి నీకు ముద్ద దిగలేదనీ రాసినావు. ముందు నువ్వు వేళకు తిను. నైట్ డ్యూటీ చేసే పిల్లవి.

మర్చిపోతారనేది ఒట్టిమాట. పసిబిడ్డలకు నొప్పి తెలియదని ఒకప్పుడు పెద్ద డాక్టర్లే నమ్మినారు. నెలలు నిండని బిడ్డలకు ఆపరేషన్లలో కదలకుండా మందిచ్చి, నొప్పికి నామమాత్రంగా ఇచ్చేవాళ్లు. ఇండోర్‌లో డాక్టరీ చదివిన కన్వల్‌జీత్ ఆనంద్ ఆక్స్‌ఫర్డ్‌కు పోయి, ఫెంటనిల్ అనే నొప్పి మందు కూడా కలిపి ఇస్తే ఆ బిడ్డలు మెరుగ్గా తేరుకుంటారని 1987లో చూపించినాడు. 1997లో కెనడా వాళ్లు ఇంకోటి చెప్పినారు. సున్తీ అప్పుడు మత్తు పూత పూయని మగబిడ్డలు, తర్వాత టీకా వేసేటప్పుడు తక్కినోళ్లకంటే ఎక్కువ ఏడ్చినారంట. మాటలు రాని ఒంటికి కూడా గుర్తుంటుంది.

ఆ సిస్టరుతో వాదన పెట్టుకోవద్దు. కేస్ షీటు తీసి చూడు. పారాసెటమాల్ పక్కన 'ఎస్ఓఎస్' అని ఉంటుంది, పందెం. ఎస్ఓఎస్ అంటే అవసరమైతే ఇమ్మని, మన వార్డుల్లో మాత్రం బిడ్డ గగ్గోలు పెట్టిందాకా ఆగడమే. రౌండ్స్‌లో డాక్టరుగారిని మెల్లగా అడిగి, వేళలు రాయించుకో. కట్టు విప్పే అరగంట, ముప్పావుగంట ముందు ఒక డోసు పడేట్టు రాయించుకో. కాలిన పుండుకు పారాసెటమాల్ చాలదనిపిస్తే మార్ఫిన్ సంగతీ అడుగు. మార్ఫిన్ అంటే అలవాటు పడతారని జడుస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో పిల్లల నొప్పికి రెండే మెట్లు పెట్టింది: కింద పారాసెటమాల్, ఐబుప్రోఫెన్, పైన మార్ఫిన్. డాక్టరు రాసిన డోసు బరువుకు తగ్గట్టు చూసుకుని, ఊపిరి కనిపెట్టుకుని ఉండు. భయం ఊపిరి గురించే ఉండాలి.

ఇంక అసలు సంగతికొస్తా. దీనికోసమే ఈ జాబు అనుకో. మీ వార్డులో ఎవరైనా పిల్లోళ్లను "ఊరుకుంటావా, సూది వేసేదా?" అంటే వెంటనే ఆపు. ఆయాలనూ ఆపు, తల్లులనూ ఆపు. మన వీధిలో అన్నం తినకపోతే సూది, బడికి పోకపోతే సూది, చీకట్లో బయటికి పోతే సూది. నేను రిటైరై ఇన్నాళ్లైనా నన్ను చూపించి "అదిగో సూది సిస్టరొచ్చె" అంటారు, పిల్లోళ్లు మంచం కింద దూరతారు. మొన్న ఎదురింటామెతో గట్టిగానే అనేసినా. రెండు రోజులు మజ్జిగ పంపలేదు.

చాదస్తం అనుకోవద్దు. సూదికి జడిసిన బిడ్డ నొప్పి దాచుకుంటుంది. "నొప్పిగా ఉందా?" అని నువ్వడిగితే, ఉందంటే సూది పడుతుందని లేదంటుంది. నువ్వు 'నొప్పి లేదు' అని షీటులో రాస్తావు. మూడేళ్లు దాటినోళ్లకు చూపించే ఆ ఆరు మొహాల బొమ్మ, డొనా వాంగ్, కోనీ బేకర్ చేసింది, అదీ అప్పుడు పనికిరాదు. బిడ్డ నవ్వే మొహం మీదనే వేలు పెడుతుంది. కాబట్టి మొహం ముడుచుకోవడం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఊరడిస్తే ఊరుకోవడం, ఈ ఐదూ నీ కళ్లతో చూసి ఒక్కోదానికీ సున్నా నుంచి రెండు వరకు మార్కులు వేసుకో. గమ్మున పడుకున్న బిడ్డను ఇంకా జాగ్రత్తగా చూడు. ఏడ్చి అలిసిపోయి గమ్మునుండొచ్చు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో క్షయ బిడ్డలకు రోజూ స్ట్రెప్టోమైసిన్ సూదులు.  గాజు సిరంజీ ఉడకబెట్టి, వాడిన సూదినే మళ్లీ వాడే రోజులు. మా సీనియర్ సిస్టర్ ఒకామె ప్రతి సూది మొననూ దూది మీద లాగి చూసేది. పోగు తగులుకుంటే మొన వంగినట్టే, అవతల పడేసేది. పిల్లోడు దగ్గరికి రాగానే "కుడిపక్కా, ఎడమపక్కా?" అని వాణ్ణే అడిగేది. నొప్పి ఉండదని ఒక్కనాడూ చెప్పలేదు. "ఉంటుంది నాయనా, పది లెక్కపెట్టేలోగా అయిపోతుంది" అనేది. చీమ కుట్టినట్టుంటుందని కూడా అననిచ్చేది కాదు, పిల్లోళ్లు చీమలకు జడుస్తారని! ఆమె చేతిలో వాళ్లు ఏడ్చేవాళ్లే గానీ పారిపోయేవాళ్లు కాదు.

నీకు చంటిబిడ్డల టీకా డ్యూటీ పడితే, బిడ్డను బల్లమీద పడుకోబెట్టి అదిమి పట్టొద్దు. తల్లి ఒళ్లో ఉంచి, పాలు తాగుతుండగానే వేసేయి. దానికి డాక్టరు సంతకం కూడా అక్కర్లేదు.

నీ చేయి మెత్తన, తల్లీ. చిన్నప్పుడు నా కాలిలో ముల్లు తీసినావు, నాకు తెలియనే లేదు. ఈ నర్సు పని నీకు తగినదే, వదిలేస్తానని ఇంకోసారి రాయొద్దు.

సంక్రాంతికి రా. వచ్చినప్పుడు మీ అమ్మకు ఒకమాట చెప్పు. మీ అన్న కూతురు అన్నం తినకపోతే మా చెల్లెలు కూడా సూది పేరే ఎత్తుతోంది. నేను చెప్తే వినదు, నువ్వు చెప్తే వింటుంది.

ఇట్లు
మీ పెద్దమ్మ