ఒక్క నుడి, రెండు లిపులు

ముంచింగిపుట్టునకు పొరుగున మాచ్‌ఖండ్ యేటి కావల ఒడిశా రాష్ట్రము గలదు. రెండు రాష్ట్రముల కొండలయందును కువి భాష మాటాడు ఖోందులు నివసించుచున్నారు.

తల్లినుడితో విద్యారంభము చేయించుటకై ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2004లో 8 గిరిజన భాషలను, ఒడిశా ప్రభుత్వము 2007లో 10 భాషలను గైకొనెను. కువి, కోయ, సవర భాషలు రెండింటను గలవు. మధ్యాహ్నమున బడిలో వండిన యన్నము పెట్టవలెనని 2001లో సుప్రీంకోర్టు ఇరువురినిఁ గూడ నాజ్ఞాపించెను.

మఱి భేదమెయ్యది? లిపియే. కువి వాచకములు ఇచట తెలుఁగు లిపిలోను, అచట ఒడియా లిపిలోను అచ్చయ్యెను. అన్నమొకటి, నుడి యొకటి; అక్షరము మాత్రము వేఱు. మేనత్త యింటికి వ్రాసిన జాబును ఆ యింటి బిడ్డ చదువలేదు; చదివి వినిపించినచో వెంటనే గ్రహించును.

కావున తల్లిదండ్రులారా, ఇంట స్వభాష మాటాడుటకు సిగ్గుపడకుఁడు. బాలబాలికలారా, వీలైనచో రెండవ లిపియు నేర్వుఁడు.