నామకరణము – శాస్త్రవిధి, శాసనవిధి

శిశువునకు తల్లిదండ్రులు ఒసగు మొదటి కానుక పేరు. తక్కిన కానుకలు కొంతకాలమునకు అరిగిపోవును. పేరు మాత్రము జీవితాంతము వెంట నుండును. అందుచేతనే పెద్దలు నామకరణమును షోడశ సంస్కారములలో ఒకటిగా నిలిపిరి. జననమును, నామమును గ్రంథస్థము చేయుటకు ప్రభుత్వమును శాసనము చేసినది. ఈ రెండు విధులు ఒకదానికొకటి విరోధములు కావు. పేరు ఎట్టిదై యుండవలెనో శాస్త్రము చెప్పును. అది ఎప్పటిలోగా, ఎచ్చట నమోదు కావలెనో శాసనము చెప్పును. రెంటిలో దేనిని ఉపేక్షించినను నష్టపోవునది నోరులేని శిశువే.

శాస్త్రము చెప్పిన నియమము

ఆశ్వలాయన గృహ్యసూత్రము నామలక్షణమును విశదముగా చెప్పినది. పేరు గ, జ, ద, బ వంటి నాదముగల అక్షరముతో మొదలుకావలెను. నడుమ య, ర, ల, వలలో ఒకటి యుండవలెను. చివర విసర్గ రావలెను. ప్రతిష్ఠ కోరువారు రెండక్షరముల పేరును, బ్రహ్మవర్చస్సు కోరువారు నాలుగక్షరముల పేరును పెట్టవలెను. పురుషులకు సరిసంఖ్య, స్త్రీలకు బేసిసంఖ్య విధింపబడినది. స్త్రీల పేర్లు సులభముగా పలుకదగినవై, కఠినములు కాక, స్పష్టమైన శుభార్థము కలిగి, దీర్ఘాంతములై యుండవలెనని మనువు చెప్పెను. పిలుచువారి నోటికి సులువుగను, వినువారి చెవికి ఇంపుగను, ధరించువారికి గౌరవముగను ఉండవలెననుటయే ఈ నియమముల సారము.

కాలమును గూర్చియు నియమము కలదు. 10వ దినమున గాని, 12వ దినమున గాని, మరియొక శుభదినమున గాని పేరు పెట్టవలెనని మనుస్మృతి. 11 దినములు గడచిన పిదప వసిష్ఠమహర్షి దశరథ తనయులకు నామకరణము చేసినట్లు వాల్మీకి వర్ణించెను. తెలుగునాట 11వ దినముననో, 21వ దినముననో బారసాల జరుపుదురు. పళ్ళెరములో బియ్యము పరచి, బంగారు ఉంగరముతో పేరు వ్రాసి, శిశువు చెవిలో ఆ నామమును పలుకుదురు.

పెద్దల అనుమతి

వైష్ణవ సంప్రదాయమున పేరు కేవలము పిలుపు కాదు. అది భగవత్స్మరణకు సాధనము. అజామిళుడు తన చిన్నకుమారునకు నారాయణుడని పేరు పెట్టుకొనెను. అవసానకాలమున భయముతో ఆ బిడ్డను పిలువగా విష్ణుదూతలు వచ్చి కాపాడిరని భాగవతము షష్ఠస్కంధమున చెప్పుచున్నది. ధనికుల మెప్పునకై వారి పేర్లు పెట్టుట వ్యర్థమనియు, బిడ్డలను భగవన్నామములతో పిలువుడనియు పెరియాళ్వారు ఒక దశకమంతయు ఉపదేశించెను.

యామునాచార్యుల తిరుమేని ఎదుట భగవద్రామానుజులు చేసిన ప్రతిజ్ఞలలో ఒకటి పరాశర, వ్యాస మహర్షుల యెడ కృతజ్ఞతను చాటుట. కూరత్తాళ్వానుకు కుమారులు కలుగగా వారికి పరాశరుడని, వేదవ్యాసుడని పేర్లు పెట్టించి ఆ ఋణమును తీర్చిరి. పరాశరభట్టరు పిదప శ్రీవిష్ణుసహస్రనామమునకు భాష్యము రచించి ఆ పేరును సార్థకము చేసెను. ఆచార్యుని అనుమతితో ఒసగబడిన నామమునకు ఇంతకంటె గొప్ప ఉదాహరణము వేరుగా వెదుకనక్కరలేదు.

శాసనము అడుగునది

ఐస్‌లాండు దేశమున ఇదివరలో వాడుకలో లేని పేరు పెట్టదలచినచో నామసంఘము అనుమతి పొందవలెను. 1991లో ఏర్పడిన ఆ సంఘము, కోరిన పేరు తమ భాషావ్యాకరణమునకు ఒదుగునా, బిడ్డకు తలవంపు తెచ్చునా అని విచారించును. భారతదేశమున అట్టి సంఘము లేదు. పేరు మంచిచెడ్డలను నిర్ణయించు భారము గృహస్థునిదే. ఆ కారణముచేతనే శాస్త్రోపదేశము, పెద్దల అనుమతి ఇచ్చట మరింత అవసరము.

1969వ సంవత్సరపు జనన మరణ నమోదు చట్టము ప్రకారము జననమును 21 దినములలోగా తెలుపవలెను. ఆసుపత్రిలో జన్మించినచో అచ్చటి అధికారియు, ఇంట జన్మించినచో ఇంటి యజమానియు తెలుపవలెను. అప్పటికి పేరు నిర్ణయింపబడకున్నను జననమును నమోదు చేయుదురు. పేరు గడి ఖాళీగా నుండును. పిదప తల్లిదండ్రులు నోటిమాటగా గాని, వ్రాతమూలముగా గాని పేరు తెలిపిన, రిజిస్ట్రారు దానిని చేర్చును. 12 నెలలలోపు రుసుము లేదు. ఆపైన 15 సంవత్సరముల వరకు ఆలస్యరుసుముతో చేర్చవచ్చును. తప్పు దొరలినచో పాత వ్రాతను చెరపక, అంచున సవరణ వ్రాసి సంతకము చేయుదురు.

2023లో ఈ చట్టము సవరింపబడినది. ఆ సంవత్సరము అక్టోబరు 1 నుండి జన్మించినవారికి పాఠశాల ప్రవేశమునకు, ఓటర్ల జాబితాకు, వివాహ నమోదుకు, ప్రభుత్వోద్యోగమునకు, పాస్‌పోర్టుకు జన్మతేదీని, జన్మస్థలమును రుజువు చేయునది జనన ధ్రువపత్రమే. కావున గడిని ఖాళీగా విడుచుట ఇక చిన్న లోపము కాదు.

గృహస్థులు గమనింపదగినవి

నక్షత్రపాదమునకు తగిన అక్షరముతో పేరు దొరకలేదని కొందరు నమోదును వాయిదా వేయుదురు. అశ్వినికి చూ, చే, చో, లా అనునవి అక్షరములు. వానితో ఇంపైన పేరు కూర్చుట కష్టమే. ఐనను వ్యావహారిక నామము వేరు, నక్షత్రనామము వేరు. అభివాదనమునకు వలయు నామమును ఉపనయనము వరకు తల్లిదండ్రులు మాత్రమే ఎరిగియుండవలెనని ఆశ్వలాయనుడే చెప్పెను. జన్మాక్షరపు పేరును సంస్కారమున చెవిలో పలికి, వ్యావహారిక నామమును పుస్తకమున వ్రాయించిన రెండు విధులును నెరవేరును.

బారసాల ఘనముగా చేయుటకు ధనము సమకూరలేదని ఆగువారును కలరు. కంసుని భయముచేత గర్గాచార్యులు గోశాలలో, బంధువులకైనను తెలియకుండ, రామకృష్ణులకు నామకరణము చేసిరి. ఆడంబరము లేకున్నను సంస్కారమునకు లోపము రాలేదు.

మరియొక జాగ్రత్త. వేంకటేశ్వరులు, శేషాచలము, అలివేలుమంగ వంటి పేర్లను ఆంగ్లలిపిలో ఒక్కొక్కరు ఒక్కొక్క విధముగా వ్రాయుదురు. ధ్రువపత్రమున ఒక తీరు, పాఠశాలలో మరియొక తీరు వ్రాయించిన బిడ్డ పెద్దయైన పిదప తానెవరో రుజువు చేసికొనుటకు తిరుగవలసివచ్చును. ఇంటిపేరు ముందుండవలెనో వెనుకనుండవలెనో కూడ మొదటనే నిర్ణయించి, తెలుగున, ఆంగ్లమున స్పష్టముగా కాగితముపై వ్రాసియిచ్చుట మంచిది. బుజ్జి, చిన్న వంటి ముద్దుపేర్లను ఇంటికే పరిమితము చేయవలెను.

శ్రీవారి సన్నిధిని తలచి, పెద్దలను అడిగి, చక్కని నామమును ఎంచి, గడువులోగా వ్రాయించినచో తల్లిదండ్రుల ధర్మము నెరవేరును. ఆ పేరుతో బిడ్డను పిలిచిన ప్రతిసారి ఆ ఇంట హరినామము వినబడును.