పెట్టె విప్పకముందే పనిముట్టు చూసుకోండి

విడి పలకలుగా వచ్చిన అల్మరానో బల్లనో ఇంట్లో మనమే బిగించుకోవాలంటే చాలామంది నోట ముందుగా వచ్చే మాట "నా వల్ల కాదు". ఒకసారి మొదలుపెట్టి, స్క్రూ తల అరిగిపోయి, పలక పెచ్చు ఊడి, సగంలో వదిలేసినవాళ్లు ఆ మాటే ఇంకా గట్టిగా అంటారు. ఆడలేక మద్దెల ఓడు అనడం మనకు అలవాటు. ఈ పనిలో మాత్రం చాలాసార్లు మద్దెలే ఓడు. చేతకానితనం అని మనం మనమీద వేసుకునే నింద నిజానికి సరిపడని స్క్రూడ్రైవర్ మీద వేయాల్సింది.

సగంలో వదిలేయడం వల్ల పోయేది అల్మరా ఒక్కటే కాదు. మైకేల్ నార్టన్, మరో ఇద్దరు పరిశోధకులు 2012లో ఒక అధ్యయనం ప్రచురించారు. సొంత చేతులతో బిగించుకున్న వస్తువుకు మనుషులు ఎక్కువ విలువ కడతారని అందులో తేలింది. దానికి వాళ్లు పెట్టిన పేరు 'ఐకియా ఎఫెక్ట్'. ఇంతవరకు చాలామందికి తెలుసు. మిగతాది ఇంకా ముఖ్యం. పని పూర్తి చేయలేకపోయినవాళ్లలో ఆ మక్కువ కనిపించలేదు. 'నేను చేయగలను' అన్న నమ్మకం, ముగించిన పని నుంచి పుడుతుంది. అందుకే ముగించడానికి ఏం కావాలో ముందే చూసుకోవాలి.

పెట్టె విప్పగానే బోల్టుల సంచి చింపకండి. ముందు పుస్తకం తీయండి. ఏయే పనిముట్లు కావాలో మొదటి పేజీల్లోనే బొమ్మలు వేసి ఉంటాయి. వాటన్నిటినీ పక్కన పెట్టుకున్నాకే పలకలు బయటికి తీయండి.

అన్నిటికంటే శ్రద్ధ పెట్టాల్సింది స్క్రూడ్రైవర్ మీద. హార్డ్‌వేర్ షాపులో 'స్టార్' అని అడిగితే సాధారణంగా ఫిలిప్స్ రకం ఇస్తారు. యూరప్ తరహా ఫర్నిచర్‌లో ఎక్కువగా వచ్చేది పోజిడ్రైవ్ స్క్రూ. రెండూ పైకి ఒకేలా కనిపిస్తాయి. స్క్రూ తలను వెలుతురులో పెట్టి చూడండి. ప్లస్ గుర్తు గాడుల మధ్య సన్నటి గీతలు నాలుగు కనిపిస్తే అది పోజిడ్రైవ్. దానికి ఫిలిప్స్ మొన పెడితే పూర్తిగా కూర్చోదు. గట్టిగా తిప్పేకొద్దీ జారుతుంది, గాడి అరుగుతుంది, ఇక ఆ స్క్రూ ముందుకూ రాదు, వెనక్కీ రాదు. పీజెడ్-2 మొన ఉన్న మంచి స్క్రూడ్రైవర్ ఒక్కటి ఇంట్లో ఉంటే చాలు, చాలా పనులు దానితోనే అయిపోతాయి. పిడి అరచేతి నిండా ఉండేది ఎంచుకోండి. వంద ముక్కల టూల్‌కిట్ పెట్టె చూడ్డానికి ఘనంగా ఉంటుంది గానీ అందులో చాలావాటి పేరు కూడా మనకు అక్కర్లేదు. నాసిరకం నలభై కంటే నాణ్యమైన నాలుగు మేలు.

పెట్టెతో పాటు వచ్చే ఎల్ ఆకారపు అలెన్ కీని పారేయకండి. దాన్ని వాడే పద్ధతి తెలిస్తే సగం శ్రమ తగ్గుతుంది. మొదట పొడుగు కాడను బోల్టులో పెట్టి, పొట్టి కాడతో గిరగిరా తిప్పండి. బిగువు తగిలాక తిరగేసి, పొట్టి కాడను బోల్టులో పెట్టి, పొడుగు కాడ పట్టుకుని చివరి బిగింపు ఇవ్వండి. బోల్టులు ఎక్కువగా ఉన్న మంచం లాంటిదైతే, 4, 5 మిల్లీమీటర్ల సైజుల్లో పిడి ఉన్న అలెన్ కీలు విడిగా కొనుక్కోండి. మణికట్టు బతికిపోతుంది.

ఇక డ్రిల్లు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? ఈ ఫర్నిచర్‌లో చాలావరకు చెక్కపొట్టును జిగురుతో కలిపి అదిమిన పార్టికల్ బోర్డే. డ్రిల్లు జోరుకు లోపలి మరచుట్లు పొడిపొడిగా రాలిపోతాయి, తర్వాత ఏ స్క్రూ కూడా అక్కడ నిలబడదు. బ్యాటరీతో నడిచే చిన్న స్క్రూడ్రైవర్ వాడొచ్చు. అదీ బిగువును అన్నిటికంటే తక్కువ అంకె మీద పెట్టి, చివరి రెండు చుట్లూ చేత్తోనే తిప్పాలి. పలకలను పట్టి ఉంచే గుండ్రటి క్యామ్ లాకులకైతే కరెంటు పనిముట్టు ముట్టించనే వద్దు. బాణం గుర్తు బోల్టు వచ్చే రంధ్రం వైపు ఉండేలా పెట్టి, చేత్తో సుమారు అర చుట్టు తిప్పితే పట్టేస్తుంది. ఎక్కడ ఆపాలో చెప్పేది చేతి స్పర్శే.

మిగతావి చాలావరకు ఇంట్లోనే దొరుకుతాయి. చెక్క చీలలు దిగడానికి రబ్బరు సుత్తి మంచిది. లేదంటే మామూలు సుత్తికీ పలకకూ మధ్య మడతపెట్టిన గుడ్డ పెట్టండి. వెనక పలక కొట్టే సన్నమేకును దువ్వెన పళ్ల మధ్య నిలబెడితే వేళ్లు క్షేమం. స్క్రూలు, చీలలు రకాలవారీగా వేరుచేయడానికి ఇడ్లీ రేకులను మించినది లేదు. వచ్చిన అట్టపెట్టెనే నేలమీద పరిస్తే పలక అంచులు గీసుకుపోవు.

టేపు మాత్రం తప్పనిసరి. వెనక పలక కొట్టేముందు చట్రాన్ని ఈ మూల నుంచి ఆ మూలకు రెండు వైపులా కొలవండి. రెండు కొలతలూ సమానమైతేనే మేకులు కొట్టండి. ఈ చిన్న పని ఎగ్గొట్టడం వల్లే తలుపులు ఒకదానికొకటి సరిగ్గా కలవవు. నిలబెట్టాక పైన రసమట్టం పెట్టి చూడండి. బుడగ మధ్యలోకి రాకపోతే కాళ్ల కింద సర్దండి.

చివరిది గోడ పని. ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెబుతాను: అల్మరా ఎంత అందంగా నిలబడినా గోడకు బిగించేదాకా అది పూర్తయినట్టు కాదు. అమెరికాలో 2016 జూన్‌లో ఐకియా 2 కోట్ల 90 లక్షల సొరుగుల బల్లలను రీకాల్ చేసింది. గోడకు బిగించనప్పుడు అవి ముందుకు ఒరిగి పిల్లల మీద పడే ప్రమాదం ఉండటమే కారణం. పిల్లలు చనిపోయారు కూడా. మన ఊళ్లలో ఇటుక, కాంక్రీటు గోడలు కాబట్టి హ్యామర్ డ్రిల్లు, గోడకు సరిపోయే ప్లగ్గులు కావాలి. ఒకటి రెండు రంధ్రాల కోసం అంత డ్రిల్లు కొనక్కర్లేదు. పక్కింట్లో అడగండి, లేదా ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఏ పని మనం చేయాలో, ఏది ఇంకొకరికి అప్పగించాలో తెలియడమూ సమర్థతే. అమెరికాలో ఉంటున్న మనవాళ్లకు లెక్క వేరు. అక్కడ చాలా ఇళ్లలో గోడ అంటే కర్ర చట్రం మీద జిప్సం బోర్డు. లోపలి కర్ర ఎక్కడుందో స్టడ్ ఫైండర్‌తో పట్టుకుని, స్క్రూ ఆ కర్రలోకే దించాలి.

పిల్లలున్న ఇల్లయితే, గోడ బిగింపు అయ్యేదాకా ఆ సొరుగుల్లో ఒక్క బట్ట కూడా సర్దకండి.