ద్వారమున నిలిచిన బాలిక

ఒక మహాసభ జరుగవలెనన్న ఎన్ని పనులు! పందిళ్లు వేయవలెను, దీపములు అమర్పవలెను, వచ్చువారికి వసతియు భోజనమును సమకూర్పవలెను, చందాలు పోగుచేసి లెక్కలు వ్రాయవలెను, టిక్కెట్లు చూచి జనులను లోనికి విడువవలెను. వేదికపై మాటలాడినవారిని లోకము ఎరుగును. తెరవెనుక ఈ పనులన్నియు నడపినవారిని ఎరిగినవారు అరుదు. నేడు సభలను, ప్రదర్శనలను, ఉత్సవములను నిర్వహించుట ఒక వృత్తియై ఎందరికో జీవనోపాధి కల్పించుచున్నది. అందు స్త్రీలును పనిచేయుచున్నారు. కాని పన్నీరు చల్లి, పూలగుత్తు లిచ్చి అతిథులను ఆహ్వానించుట స్త్రీల పని యనియు, పెత్తనము పురుషుల దనియు తలచువారు నేటికిని కలరు. ఆ తలంపు ఎంత పొరపాటో నూరేండ్లకు పూర్వమే కాకినాడలో ఒక బాలిక చూపెను. ఆమెయే దుర్గాబాయి.

దుర్గాబాయి 1909వ సంవత్సరము జూలై 15వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించెను. చిన్ననాడే హిందీ నేర్చి, కాకినాడలో తోడి బాలికలకును స్త్రీలకును ఆ భాషను బోధింపసాగెను.

1921వ సంవత్సరము ఏప్రిల్ మాసమున గాంధీమహాత్ముడు కాకినాడకు వచ్చుచున్నారని తెలిసెను. ఊరంతయు ఆయనను చూచుటకు ఉవ్విళ్లూరుచుండెను. కాని ఆ కాలమున సంఘము చిన్నచూపు చూచిన దేవదాసీలకును, ఘోషా పాటించు మహమ్మదీయ స్త్రీలకును పదిమందితో కలిసి బహిరంగసభకు పోవు వీలు లేకుండెను. వారికొరకు వేరొక సభ జరుపవలెనని దుర్గాబాయి సంకల్పించెను. అప్పటికి ఆమెకు పండ్రెండేండ్లు నిండలేదు.

ఆమె పెద్దలను కలిసికొని తన కోరిక తెలిపెను. అయిదువేల రూపాయలు నిధిగా సమర్పించినచో మహాత్ములు కొద్ది నిమిషములు రాగలరని వారు బదులు చెప్పిరి. ఆ రోజులలో అది చిన్న మొత్తము కాదు. దుర్గాబాయి వెనుదీయలేదు. ఆమె దేవదాసీలకు సంగతి చెప్పగా, వారే ఆ ధనమును సమకూర్చిరి. సభకు వలసిన ఏర్పాట్లన్నియు జరిగెను. మహాత్ములు వచ్చి, అనుకొన్న సమయము మించిపోయినను వారితో మాటలాడుచుండిరి. స్త్రీలు తమ ఒంటిమీది నగలు తీసి ఆయనకు సమర్పించిరి. పిమ్మట జరిగిన బహిరంగసభలో గాంధీగారి హిందీ ప్రసంగమును దుర్గాబాయియే తెనిగించెను.

రెండేండ్లు గడచెను. 1923వ సంవత్సరము డిసెంబరులో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగెను. మౌలానా మహమ్మదాలీ అధ్యక్షత వహించిరి. సభతోపాటు ఖద్దరు ప్రదర్శనము కూడ ఏర్పాటయ్యెను. దాని ద్వారమున స్వచ్ఛంద సేవికగా పదునాలుగేండ్ల దుర్గాబాయిని నిలిపిరి. టిక్కెట్టు లేనివారిని లోనికి విడువరాదని ఆమెకు ఆజ్ఞ.

అప్పుడు జవహర్లాలు నెహ్రూ అచ్చటికి వచ్చిరి. ఆయన చేతిలో టిక్కెట్టు లేదు. దుర్గాబాయి ఆయనను ఆపివేసెను. ఈ సంగతి చూచి నిర్వాహకులు పరుగున వచ్చి, ఆమెపై కోపించిరి. తనకిచ్చిన ఆజ్ఞనే తాను పాటించితినని ఆమె నిబ్బరముగా బదులు పలికెను. చివరకు వారు టిక్కెట్టు తెచ్చి యిచ్చిన పిమ్మటనే ఆమె నెహ్రూగారిని లోనికి పోనిచ్చెను. నెహ్రూగారు కోపింపలేదు సరికదా, కర్తవ్యమును ధైర్యముతో నెరవేర్చినదని ఆ బాలికను మెచ్చుకొనిరి.

ఈ కథను ఒక బాలిక ధైర్యమునకు ఉదాహరణముగా చెప్పుట పరిపాటి. కాని ఇందు మరియొక నీతి కలదు. నిర్వాహకులు ఆమెకు పని యిచ్చిరి. పెద్దవారు ఎదురుపడగనే ఆ పనికి తగిన అధికారమును తిరిగి తీసికొనజూచిరి. పని స్త్రీకిచ్చి నిర్ణయము తమ చేత ఉంచుకొనుట సమానత్వము కాదు. ఎవరికి బాధ్యత కలదో వారి మాట చెల్లవలెను. ఆ ద్వారమున నెహ్రూగారు గౌరవించినది ఈ ధర్మమునే.

ఆ బాలిక పెరిగి పెద్దదై 1937లో మదరాసున ఆంధ్ర మహిళా సభను స్థాపించెను. భారత రాజ్యాంగ పరిషత్తులో సభ్యురాలయ్యెను. పరిషత్తు అధ్యక్షుడు లేనప్పుడు సభను నడపుటకు ఏర్పరచిన అధ్యక్షవర్గములో ఆమె యొక్కతెయే స్త్రీ. ఒకనాడు ప్రదర్శనశాల ద్వారమును కాచిన బాలికకు దేశమునకు రాజ్యాంగము వ్రాయు సభనే నడపు అర్హత లభించెను.

1993లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగ సవరణము వలన గ్రామపంచాయతీలలో మూడవ వంతునకు తక్కువ కాకుండ స్థానములు స్త్రీలకు ప్రత్యేకింపబడినవి. సర్పంచి పదవులకును ఆ నియమమే వర్తించును. అందువలన ఎందరో స్త్రీలు గ్రామసభలకు అధ్యక్షత వహించుచున్నారు. అయినను, భార్య సర్పంచిగా నుండగా భర్త పెత్తనము చేయు గ్రామములు లేకపోలేదు. అచ్చట స్త్రీకి దక్కినది కుర్చీ మాత్రమే, అధికారము కాదు.

పాఠశాల వార్షికోత్సవము వచ్చినప్పుడు బాలబాలికలు ఈ కథను జ్ఞాపకము చేసికొనవలెను. స్వాగతగీతము బాలురును పాడవచ్చును. లెక్కలు బాలికలును చూడవచ్చును. అయితే పనులు పంచుకొన్నంత మాత్రమున చాలదు. ద్వారమున నిలిచిన బాలిక టిక్కెట్టు అడిగినప్పుడు, వచ్చినవారెంతటి పెద్దలైనను చూపవలెను. ఆనాడే ఆ ద్వారము ఆమెకు నిజముగా అప్పగింపబడినట్లు.