ఏ స్క్రూకు ఏ పనిముట్టు?

కుప్పం ప్రాంతపు గ్రానైటు క్వారీలను ఎప్పుడైనా చూశారా? రాయి కోసే చోట ఎటు చూసినా దుమ్మే! దుమ్ము, తడి, కుదుపులు తట్టుకునే గట్టి లాప్‌టాప్‌లను ఇలాంటి చోట్ల కోసమే తయారుచేస్తారు. వాటి మూతల అంచున రబ్బరు పట్టీ ఉంటుంది. ఆ పట్టీని అన్ని వైపులా సమంగా నొక్కి ఉంచేవి స్క్రూలే. ఒక్కటి వదులైనా దుమ్ముకు దారి దొరికినట్టే గదా!

మరి వీటిని విప్పడానికి ఏ స్క్రూడ్రైవరు కావాలి? ముందు స్క్రూ తలను చూడండి. ప్లస్ గుర్తు గాడికి 1936లో అమెరికాలో హెన్రీ ఫిలిప్స్ పేటెంటు పొందాడు. ఈ గాడి గోడలు ఏటవాలుగా ఉంటాయి. అందువల్ల సరిపడని మొనతో తిప్పితే అది పైకి జారి, గాడిని అరగదీస్తుంది. నిండుగా కూర్చునే మొనను ఎంచుకొని, నిటారుగా నొక్కి తిప్పాలి. ఆరు కొనల నక్షత్రపు గాడికైతే టార్క్స్ మొన కావాలి.

ఇక కొలత. 'ఎం 2.5 × 4' అంటే స్క్రూ లావు 2.5 మి.మీ., పొడవు 4 మి.మీ. అన్నమాట. సాధారణంగా ఈ లావు స్క్రూ ఒక్క చుట్టుకు 0.45 మి.మీ. లోపలికి దిగుతుంది. 4 బదులు 6 మి.మీ. స్క్రూ వేశారనుకోండి. 2 ÷ 0.45, అంటే నాలుగు చుట్లకు పైగా అదనంగా దిగుతుంది. కింద సర్క్యూటు బోర్డు ఉంటే దాన్ని పొడిచేస్తుంది!

అందుకే విప్పేటప్పుడు కాగితంపై లాప్‌టాప్ బొమ్మ గీసి, తీసిన ప్రతి స్క్రూనూ దాని స్థానంలోనే టేపుతో అంటించాలి. తిరిగి బిగించేటప్పుడు ఎదురెదురు మూలల స్క్రూలను కొద్దికొద్దిగా బిగించాలి. అప్పుడే పట్టీ సమంగా నొక్కుకుంటుంది.

ముందుగా ఒక పాడైన ఆటబొమ్మను తీసుకొని, బ్యాటరీలు తీసేసి, ఈ పద్ధతిలో విప్పి బిగించి చూడండి. చివరికి ఒక్క స్క్రూ కూడా మిగలకూడదు సుమా!